గాజులేని వానపాములు

ఆ పొద్దున నీలి అనుకున్న పని ఒక్కటే. ఎండ ముదరకముందే ఎరువు గుంత మీది గోనెపట్టాలు తీయాలి, జల్లెడ పట్టాలి, మధ్యాహ్నంలోపు పాతిక గంపలైనా మిరప చేనుకు చేర్చాలి. గంపలు మోస్తానని మొగుడు హన్మంతు మాటిచ్చాడు. జల్లెడ తాను పడతానని అత్త సోమ్లి అంది. సోమ్లి తనంతట తాను ఒక పని నెత్తినేసుకోవడం ఆ ఇంట్లో ఏడాదికోసారి జరిగే సంగతి. అందుకని నీలి ఆ రోజు మంచి రోజే అనుకుంది.

ఆ ఎరువు మీద నీలి పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై అప్పటికి నాలుగో రోజు. బళ్ళు లేవు, ఆఫీసులు లేవు, యూరియా లారీలు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. గూడూరులో ఎరువుల దుకాణం ముందు జనం తమ చెప్పులను వరుసలో నిలబెట్టి తాము వేపచెట్టు నీడకు పోయి కూర్చుంటున్నారు. చెప్పులు అరుగుతున్నాయే గాని బస్తా వచ్చింది లేదు. నీలికి ఆ బాధ లేదు. ఆమె గుంతలో వానపాములు రెండున్నర నెలలుగా పెండనూ ఆకునూ తిని నల్లగా టీ పొడిలాంటి ఎరువు చేసిపెట్టాయి.

తండాలో ఏటా దసరా మర్నాడు చాంద్యా అనే మేస్త్రీ జీపు వేసుకుని వచ్చి మగవాళ్ళను హైదరాబాదులో కట్టడాల పనికి తోలుకుపోతాడు. నిరుడు హన్మంతు అక్కడ మూడో అంతస్తు గోడ వెంట కట్టిన గోవ కర్రల మీద నుంచి జారి, ఇసుక కుప్ప మీద పడ్డాడు కాబట్టి చెయ్యి విరిగి ఊరుకుంది. ఆ ఇసుక రెండు గజాలు అవతల పోసి ఉంటే ఏమయ్యేదో నీలి ఆలోచించదు, ఆలోచన రాబోతే లేచి ఇల్లు ఊడుస్తుంది. ఈసారి పంపనని ఆమె అంటే, తిండి ఎక్కడిదని సోమ్లి అడిగింది. ఇద్దరూ తమ లంబాడీ భాషలో రెండు రోజులు కొట్లాడుకుని, చివరికి ఒక మాట మీదికి వచ్చారు. దసరా నాటికి మిరప చేను పచ్చగా ఉంటే హన్మంతు ఇంట్లో, పసుపుబారితే జీపులో.

ఇక వానపాములు ఎక్కడివంటే, అవి ఊళ్ళో రాజమణి ఇచ్చినవి. రాజమణి భర్త వెంకట్రాం ఇరవై ఎకరాల ఆసామి, ఒకప్పటి సర్పంచు, ఇప్పుడు గూడూరు బస్టాండు ముందున్న దీక్షా శిబిరానికి పెద్ద దిక్కు. నీలి ఈ తండాకు కాపురానికి వచ్చిన నాటి నుంచి రాజమణిని పటేలమ్మా అనే పిలిచింది. అయితే ఎండాకాలంలో రోడ్డు మీద వంటావార్పు పెట్టినప్పుడు ఇద్దరూ ఒకే గుండిగలో రెండు వైపుల నుంచి గంటెలు తిప్పారు. పొగకు ఇద్దరి కళ్ళూ ఒకేలా కారాయి. ఆ రోజు రాజమణే అంది, పటేలమ్మ ఏందే, అక్కా అను అని. జనగామలో తన తమ్ముడి దగ్గర నుంచి తెచ్చిన వానపాముల్లో రెండు పిడికిళ్ళు ఆషాఢంలో పిలిచి మరీ ఇచ్చింది.

కాబట్టి ఆ పొద్దున రాజమణి తండాకు నడిచి వస్తుంటే నీలి ఎదురెళ్ళి చేయి పట్టుకుని తీసుకొచ్చింది. గోనెపట్టా ఎత్తి చూపింది. లోపల వేలకు వేలు, ఎర్రగా, తళతళలాడుతూ, ఒకదాని మీదొకటి కదులుతున్నాయి.

"చూడక్కా, నీ చెయ్యి ఎంత మంచిదో. రెండు పిడికిళ్ళు ఇస్తే గుంత నిండింది."

రాజమణి వంగి ఒక లావుపాటి వానపామును తీసి అరచేతిలో వేసుకుంది. దాని మెడ కింద ఉంగరం తొడిగినట్టు దళసరి పట్టీ ఒకటి ఉంది. ఆ పట్టీని తేరిపార చూసి, వానపామును మెల్లగా కింద పెట్టి, చేయి కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయింది. సంతోషంతో నోట మాట రాలేదు కాబోలనుకుంది నీలి.

ఆరో గంప చేనుకు చేరేసరికి వెంకట్రాం మోటారు సైకిల్ వచ్చి గుంత పక్కన ఆగింది. వెనక ఇద్దరు పెద్దమనుషులు. గుంత మీద చెయ్యి వేయొద్దని, ఉన్నపళంగా శిబిరానికి నడవమని చెప్పారు. ఎందుకని హన్మంతు అడిగితే, అక్కడే తెలుస్తుందన్నారు.

సమ్మె రోజుల్లో శిబిరమే కచేరీ, శిబిరమే బడి, శిబిరమే కల్లు మండువా. తగువేదైనా ఆ గుడారం కిందికే వచ్చేది. ఆ రోజు నిరాహార దీక్షలో చాకలివాళ్ళ వంతు. మెడలో దండలతో కూర్చున్న ఆ పదకొండు మందీ, ఆకలి మర్చిపోవడానికి ఏదో ఒక పంచాయితీ దొరికిందని సర్దుకుని కూర్చున్నారు.

రాజమణి తన గోడు చెప్పింది. ఆమె సిమెంటు తొట్టిలో వానపాములు మూడు రోజుల కిందటి నుంచి కనబడడం లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. చచ్చిన జాడ కూడా లేదు. అవన్నీ ఇప్పుడు నీలి గుంతలో ఉన్నాయి.

"నువ్వే గద అక్కా ఇచ్చింది. గవే పిల్లలు పెట్టినయి" అంది నీలి.

"ఎట్ల పెడతయే? నేను నీకు ఇచ్చినయి అన్నీ మగయే."

ఆ మాట నోట్లోంచి బయటపడ్డాక గాని రాజమణికి దాని బరువు తెలియలేదు. దీక్షలో కూర్చున్నవాళ్ళలో ఒకాయన విసనకర్ర ఆపాడు.

ఇంక దాచి లాభం లేదని వెంకట్రామే లేచి విప్పి చెప్పాడు. ఆయనకు అందులో సిగ్గుపడాల్సింది ఏమీ కనబడలేదు, పైగా తన తెలివి నలుగురికీ తెలుస్తున్నందుకు కొంచెం ఉత్సాహం కూడా వచ్చింది. మేకనిస్తే పోతును ఇస్తాం గాని ఆడదాన్ని ఎవరైనా ఇస్తారా అన్నాడు. ఆడవి ఇస్తే రేపు తండాలో ఇంటికో తొట్టి లేస్తుంది, మన ఎరువు కొనేదెవరు? మరి వానపాముల్లో ఆడ మగ గుర్తు పట్టడమెట్లా అంటే, కళ్ళజోడు పెట్టుకుని ఒక మధ్యాహ్నమంతా చూసి తానే కనిపెట్టాడు. కొన్నింటికి ఒంటి మీద గాజులాంటి పట్టీ ఉంది, కొన్నింటికి లేదు. గాజు ఉన్నది ఆడది. లేనిది మగది. గాజులేని వాటిని ఒక్కొక్కటిగా ఏరి, రెండు పిడికిళ్ళు నీలికి ఇప్పించాడు.

ఈ శాస్త్రాన్ని ఎవరూ కాదనలేకపోయారు. కోడలి వెంట వచ్చిన సోమ్లి ఎదురుగా కూర్చుని ఉంది. ఆమెకు మణికట్టు నుంచి భుజం దాకా తెల్లని గాజులే. ఆడదానికి గాజు గుర్తు కాదని ఆమె ముందు అనే ధైర్యం ఎవరికుంటుంది?

నీలి మాత్రం రాజమణి వైపే చూసింది.

"పిలిచి మరీ ఇచ్చినవ్. ఏరి పోతులనే ఇచ్చినవా, పటేలమ్మా?"

అక్కా అన్న పిలుపు అక్కడితో తెగింది. రాజమణికి అది చురుక్కున తగిలింది గాని, తగిలినట్టు కనబడితే తగువు ఓడినట్టేనని కొంగు సర్దుకుంది. అయినా దొంగతనం మాట అలాగే ఉంది. మగవాటికి పిల్లలు పుట్టవు. గుంత నిండా పిల్లలున్నాయి. కాబట్టి ఆడవాటిని ఎవరో తెచ్చి వేశారు. పెద్దమనుషులు ఈ లెక్కను ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకూ తిప్పి చూశారు. ఎటు చూసినా నీలే దొంగ.

నీలి లేచి నిలబడింది. తాను తెచ్చి వేయలేదని ఆమెకు తెలుసు, అవి పెరిగాయనీ తెలుసు. ఎట్లా పెరిగాయో తెలియదు. తెలియకపోతేనేం, ఒకసారి పెరిగినవి మళ్ళీ పెరుగుతాయి గదా.

"పటేలా, నువ్వే మళ్ళ ఏరు. గాజులేనియి ఇరవై ఏరి కుండల ఎయ్యి. నువ్వే కట్టు, నువ్వే ముద్రెయ్యి, నీ కండ్ల ముందట్నే పెట్టుకో. పిల్లలు పెట్టకుంటే నేను దొంగనే. గుంత నీకే ఇడిసిపెడత."

గడువు సద్దుల బతుకమ్మ నాటికని ఖాయమైంది. అంటే దసరాకు రెండు రోజుల ముందు. అప్పటిదాకా నీలి గుంతను ఎవరూ ముట్టరాదు. వెంకట్రాం కళ్ళజోడు తుడుచుకుని, నీలి గుంత నుంచే గాజులేని వానపాములను ఏరి, రెండుసార్లు లెక్కపెట్టి ఇరవై వేశాడు. చివికిన పెండ వేసి, మూతికి గుడ్డ కట్టి, ముడి మీద లక్క కరిగించి పాత సర్పంచు ముద్ర వేశాడు.

కుండ శిబిరంలో చేరింది. నీలి మిరప చేను చూసుకుంటూ ఇంట్లో ఉంది. వారం తిరిగేసరికి, ఆరు గంపల ఎరువు పడిన మూల ఒక్కటే పచ్చగా ఉంది. మిగతాది ఇంకా పసుపు కాలేదు గాని, అవుదామా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది. సోమ్లి రోజూ పొద్దున చేను చూసి, తర్వాత కొడుకు బట్టల మూటను చూసి, ఏమీ అనకుండా చుట్ట ముట్టించేది. అత్త తిడితే నీలికి బదులు చెప్పడం వచ్చు. ఊరుకుంటే ఏం చేయాలో తెలిసేది కాదు. పైగా చాంద్యా అప్పుడే ఫోను చేశాడు. సమ్మె ఉన్నా లేకున్నా జీపు వస్తుంది, హన్మంతు పేరు రాసిపెట్టానని.

ఇక శిబిరంలో కుండ సంగతి. వానపాములకు చల్లదనం కావాలని వెంకట్రాం కుండకు తడి గుడ్డ చుట్టించి, మీద వేప రెమ్మలు పెట్టించాడు. తడి గుడ్డ రోజూ ఆరిపోతుంటే పసుపు నీళ్ళ బకెట్లో ముంచిన గుడ్డ ఎవరో చుట్టారు, దగ్గరలో దొరికింది అదే కాబట్టి. పసుపు గుడ్డ, వేప రెమ్మలు, కుండ. ఈ మూడూ ఒకచోట చేరితే దాన్ని ఏమంటారో మన వైపు ఎవరికీ చెప్పక్కరలేదు. నాలుగో రోజు ఒక ముసలమ్మ దారిన పోతూ ఆగి, అమ్మవారి బోనమనుకుని బొట్టు పెట్టి దండం పెట్టింది. ఐదో రోజు కొబ్బరికాయ కొట్టారు. బతుకమ్మ పండుగ మొదలయ్యేసరికి ఆడవాళ్ళు ఆ కుండ చుట్టూ కూడా రెండు చుట్లు తిరిగి పోతున్నారు. కొత్తగూడ వైపు నుంచి వచ్చిన ఒక కోడలు, పెళ్ళై ఆరేళ్ళయినా కడుపు పండలేదని, కుండ మెడకు చిన్న గుడ్డ ఊయల కట్టింది. లోపలున్నవి మగ వానపాములని ఆమెకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

వెంకట్రాం కూడా చెప్పలేదు. మొదట్లో చెబుదామనే అనుకున్నాడు. కాని కుండ వచ్చాక శిబిరానికి జనం మూడింతలయ్యారు. ఆయన ఉపన్యాసం మొదలుపెడితే మధ్యలో లేచిపోయేవాళ్ళు ఇప్పుడు కుండ వైపు చూస్తూ కూర్చుంటున్నారు. ఎవరో పేపరాయన వచ్చి, లోపల ఏముందని అడిగితే, ఆయన గొంతు సవరించుకుని, సమయం వచ్చినప్పుడు తెరుస్తాం, అప్పుడు అందరికీ సమాధానం దొరుకుతుందన్నాడు. ఆ మాట అచ్చులో చూసుకుని మురిసిపోయాడు.

ఆ మాటనే పోలీసులు కూడా చదివారు. శిబిరంలో సీలు వేసిన కుండ ఉందట, రేయింబవళ్ళు కాపలా కాస్తున్నారట, పండుగ ముందు తెరుస్తారట. లోపల పెట్రోలని ఒకరన్నారు. రాజీనామా చేయని నాయకుల మీద చేయించిన చేతబడి అని ఇంకొకరన్నారు. పెట్రోలైనా చేతబడైనా తన ఇలాకాలో వద్దని ఎస్సై నిశ్చయించుకున్నాడు.

సద్దుల బతుకమ్మకు ముందు రోజు పొద్దున ఎస్సై జీపు శిబిరం ముందు ఆగింది. వెంట రాజేందర్ అనే కానిస్టేబులు, చేతిలో లాఠీ. కుండ తెరవమన్నాడు ఎస్సై. గడువు రేపటిదాకా ఉంది, ఇవాళ తెరిచేది లేదన్నాడు వెంకట్రాం, నిజానికి ఆయనకు ఇవాళా రేపూ ఎప్పుడూ తెరవాలని లేదు. పోలీసులు అమ్మవారిని ముడుతున్నారని బజారంతా పాకింది. దుకాణాల ముందు చెప్పులు వరుసలో పెట్టినవాళ్ళు ఆ చెప్పులే తొడుక్కుని పరుగెత్తుకొచ్చారు. జై తెలంగాణ అన్న కేకలు మొదలయ్యాయి. ఎస్సై ముఖం చూస్తే ఆయనకు ఇంటికి పోవాలని ఉంది. కాని ఇంతమంది ముందు ఎట్లా పోతాడు? కుండను లాఠీతో ఒకసారి పొడిచి చూడమని రాజేందర్‌కు సైగ చేశాడు.

కబురు అంది తండా నుంచి పరుగున వచ్చిన నీలి సరిగ్గా అప్పుడే జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. కుండ పగిలితే పరీక్ష పోయినట్టే. పరీక్ష పోతే గుంత పోయినట్టే, చేను పోయినట్టే. దసరా దాటితే జీపు. ఆమెకు అవన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి.

"సారూ, కట్టెతోని పొడవకుండ్రి. దాంట్ల నా మొగడున్నడు."

రాజేందర్ లాఠీ వెనక్కి తీసుకుని, ఒక అడుగు కాదు, మూడు అడుగులు వెనక్కి వేశాడు. జనంలో ఎవరో, అబ్బ, ప్రాణం కుండల పెట్టించింది అన్నారు. అదే నిమిషంలో సోమ్లిని వెంటబెట్టుకుని హన్మంతు వగరుస్తూ వచ్చి పెండ్లాం పక్కన నిలబడ్డాడు. ఆయన్ను గుర్తుపట్టిన ఇద్దరు దూరం జరిగారు.

నీలి ఎవరి అనుమతీ అడగలేదు. గోనెపట్టా ఒకటి పరిచి, మెడ మీది ఊయలను విప్పి పక్కన భద్రంగా పెట్టి, లక్క ముద్రను ఎస్సైకి చూపించి, వెంకట్రాంకు చూపించి, పగలగొట్టింది. కుండను మెల్లగా ఒంచింది. నల్లని ఎరువు జారి కుప్పగా పడింది. అందులోంచి వానపాములు ఒక్కొక్కటే బయటికి పొర్లాయి.

ఇరవై ఉన్నాయి. ఇరవైంటికీ గాజులున్నాయి.

వెంకట్రాం కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. గాజులు పోలేదు. ఎవరో మార్చేశారు అన్నాడు. సోమ్లి చుట్ట పక్కన పెట్టింది.

"నీ ముద్ర, నీ తాడు, నీ గుడారం. మార్చింది గూడ నువ్వేనా పటేలా?"

ఏం జరుగుతోందో ఎస్సైకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కుండలో పెట్రోలు లేదు, నిమ్మకాయలు లేవు, పురుగులున్నాయి. ఇంతమంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆ రోజు దీక్షలో మానుకోట నుంచి వచ్చిన కాలేజీ లెక్చరర్ల వంతు. దండలు వేసుకున్న వరుసలో చివర కూర్చున్న విజయ అనే ఆవిడ చాలాసేపటి నుంచి నవ్వు ఆపుకుంటోంది. ఆమె చెప్పేది జంతుశాస్త్రమే. మూడు వారాలుగా పాఠం చెప్పక నాలుక దురద పెడుతోందేమో, దండ తీసి కుర్చీకి తగిలించి వచ్చి ఎరువు కుప్ప ముందు కూర్చుంది. వేలితో కదిపి, జొన్న గింజలంత గుళ్ళు నాలుగు ఏరి గోనె మీద పెట్టింది.

"ఇవి గుడ్లు. ఒక్కోదాంట్ల రెండో మూడో పిల్లలుంటయి. వీటిల ఆడయి మగయి అని ఏరే ఉండవు పటేల్ సాబ్. ప్రతిదీ ఆడదే, ప్రతిదీ మగదే. గాజు లేనియి మగయి కావు, పిల్లలు. ఈడుకొస్తే అన్నిటికీ గాజొస్తది."

అంటే నీలికి ఇచ్చినవి పడుచు వయసుకు దగ్గరపడ్డ పిల్లలు. తన దగ్గర ఉంచుకున్నవి ముసలివి. ఈ సంగతి వెంకట్రాంకు మెల్లమెల్లగా దిగింది.

ఆడా మగా ఒకే ఒంట్లో ఉంటే ఇంక జత ఎందుకని ఒకామె అడిగింది. విజయ చెప్పుకుపోయింది. రెండు వానపాములు ఒకదాని తల పక్కన ఇంకొకదాని తోక వచ్చేటట్టు అతుక్కుంటాయి. ఇది దానికి విత్తనం ఇస్తుంది, అది దీనికి ఇస్తుంది. లావుపాటిదానికి లావుపాటిదే కావాలి, ఎందుకంటే లావుది గుడ్లు ఎక్కువ పెడుతుంది. సంబంధాలు చూసుకునేటప్పుడు అవి కూడా తక్కువ తినలేదు. అయితే అందులో కూడా నమ్మకం అంతంతే. ఒక రకం వానపాములు అతుక్కున్నప్పుడు అవతలిదాన్ని సన్న ముండ్లతో గుచ్చి మందులాంటిది ఎక్కిస్తాయి, తాను ఇచ్చిన విత్తనమే దాచుకోవాలని, తొందరపడి ఇంకో జత దగ్గరికి పోవద్దని. నత్తలు ఇంకా మొండివి. సున్నపు ముల్లు ఒకటి తయారు చేసుకుని ఒకదాన్నొకటి పొడుస్తాయి.

"పొడుసుడెందుకమ్మా, ఇష్టమయ్యే గద దగ్గరికొచ్చింది?" అంది సోమ్లి.

"తండ్రి అయ్యుడు అగ్గువ అవ్వా, ఖర్చు లేని పని. గుడ్లు పెట్టుడు కష్టం. రెండూ రెండు పనులు చెయ్యగలవు గాని, అగ్గువది నాకు, కష్టం నీకు అని చూస్తది ఒక్కోటి. సముద్రంల ఒక రకం చదును పురుగులైతే కత్తులతో కొట్లాడినట్టే కొట్లాడతయి. గెలిచినోడు తండ్రి, ఓడినోడు తల్లి."

సోమ్లి భుజం దాకా ఉన్న గాజులు సర్దుకుంది.

"వాటికి నయం. కొట్లాటన్న ఉన్నది. మమ్ముల అడగనే అడుగలె."

గుడారంలో ఆడవాళ్ళు నవ్విన నవ్వుకు తాళ్ళు కదిలాయి. మగవాళ్ళు కూడా నవ్వారు, కొంచెం ఆలస్యంగా. ఎస్సై నవ్వకుండా ఉండడానికి టోపీ సవరించుకున్నాడు.

విజయ ఇంకో ముచ్చట కూడా చెప్పింది. సముద్రంలో ఇట్లాంటి చేప ఒకటి ఉందట. అది గుడ్లన్నీ ఒకేసారి పెట్టదు. కొన్ని పెట్టి ఆగుతుంది, ఈసారి నీ వంతు అన్నట్టు. అవతలిది తన గుడ్లు పెడితేనే మళ్ళీ కొన్ని పెడుతుంది. ఉన్నవన్నీ ఒక్కసారే ఇచ్చేస్తే అవతలిది తండ్రి పని చేసుకుని జారుకుంటుందని భయం. ఇచ్చిపుచ్చుకోవడం సరిగా సాగిన జంట నీళ్ళు చీకటిపడేదాకా కలిసే ఉంటుందట.

ఆమె మామూలుగానే చెప్పింది గాని, జనం కళ్ళు వాటంతటవే రాజమణి వైపు తిరిగాయి. రాజమణి గోనె అంచున కూర్చుని, వానపాములను చూస్తూ, తన తొట్టి ఎందుకు ఖాళీ అయిందో తెలుసా మేడం అని చిన్న గొంతుతో అడిగింది. ఏం తినిపించారని విజయ అడిగింది. ఏ లోటూ చేయలేదు, పొద్దున తీసిన వేడి వేడి పెండ పొద్దుననే వేశామంది రాజమణి. పచ్చి పెండ లోపల ఉడుకుతుంది, ఆ వేడికి చచ్చిపోయి మన్నులో కలిసిపోయాయి, జాడ కూడా మిగలదు అంది విజయ. నీలి పచ్చి పెండ దొరక్క దిబ్బ మీది పాత పెంట ఎత్తుకొచ్చి వేసింది. ఆమె పేదరికమే ఆమె వానపాములను చల్లగా కాపాడింది.

రాజమణి లేచి నీలి దగ్గరికి వచ్చింది. చుట్టూ ఎంతమంది ఉన్నారో ఒకసారి చూసుకుంది. ఇంటికి పోయాక చెప్పొచ్చు అనుకున్నట్టుంది, మళ్ళీ ఆ ఆలోచన మానుకుంది.

"నేను మనసుల పెట్టుకున్నదే తప్పు. దొంగ అన్నది ఇంకా తప్పు. నాకు మళ్ళ రెండు పిడికిళ్ళు ఇస్తవా నీలీ?"

నీలికి వెంటనే ఇవ్వాలనిపించలేదు. ఏరి, బక్కవి చూసి ఇద్దామా అని కూడా అనిపించింది, అనిపించనీ, మనిషే గదా. ఆ ఆలోచన అలా వచ్చి అలా పోయాక, గోనె మీది ఎరువునూ ఇరవై వానపాములనూ గుడ్లతో సహా రెండు చేతులా ఎత్తి కుండలోకి తోసింది.

"కుండతోనే తీసుకపో అక్కా. పాత పెండ వెయ్యి. దిబ్బ మీద ఇంకా ఉన్నది, రేపు పంపుత."

వెంకట్రాం తన వంతుగా ఏదో ఒకటి మాట్లాడాలని మైకు పట్టుకున్నాడు గాని, అప్పటికే జనం విజయ చుట్టూ చేరి నత్తల గురించి అడుగుతున్నారు. కొత్తగూడ కోడలి ఊయలను నీలి మళ్ళీ కుండ మెడకే కట్టింది. కట్టినామె నమ్మకాన్ని విప్పడానికి తానెవరు?

గుంత మీది పట్టా మధ్యాహ్నానికే లేచింది. హన్మంతు ఆ పూటా, తర్వాతి రెండు రోజులూ పొద్దంతా గంపలు మోశాడు. రాజమణి ఎడ్లబండి పంపింది. నాలుగో రోజు దసరా, ఆ రోజు కూడా వేకువనే పది గంపలు పడ్డాయి. పైనుంచి ఒక మంచి వాన కురిసింది. పచ్చదనం ఒక్క రోజులో రాదు, అది సోమ్లికీ తెలుసు. పండుగ పూట ఆమె గట్టు మీద నిలబడి చేనంతా కలియజూసి, నేల నల్లగా ఉందిలే అంది. లోపలికి వచ్చి కొడుకు బట్టల మూట విప్పి దండెం మీద ఆరేసింది. నీలి వంటింట్లోంచి ఆ చప్పుడు విని, పొయ్యి మీద ఏం పెట్టిందో మర్చిపోయి, గోడకు ఆనుకుని కాసేపు ఊరికే కూర్చుంది. పప్పు మాడింది. అందరూ అదే తిన్నారు.

మర్నాడు చాంద్యా జీపు వచ్చి, హారను కొట్టి, హన్మంతు లేకుండానే పోయింది.

ఆ జీపు రేపిన దుమ్ము ఇంకా అణగకముందే సైకిలు మీద కానిస్టేబులు రాజేందర్ దిగాడు. నీలి పోయి గుంతకు అడ్డంగా నిలబడింది. ఆయన తగువుకు రాలేదు. కుండలో ఏం దొరికిందో రాతపూర్వకంగా పంపమని పైనుంచి అడిగారట, ఈయన రాసింది ఎస్సై రెండుసార్లు తిప్పి పంపాడట. నీలి నీళ్ళిచ్చి, విజయ మేడం చెప్పిందంతా గుర్తున్నంతవరకు మళ్ళీ చెప్పింది. రాజేందర్ మంచం మీద కూర్చుని, పెన్ను నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, చివరికి ఇలా రాసి సంతకం పెట్టాడు: కుండలో దొరికినవి మగవి ఇరవై, ఆడవి ఇరవై, మొత్తం ఇరవై.